మంగరాజు దండగన్న గేలరీ

మంగరాజుకి అరవై రెండేళ్ళొచ్చాయి గాని, ఒక్కనాడూ దేన్నీ మెచ్చుకున్న పాపాన పోలేదు. వాన కురిసినా, కురవకపోయినా, ఎదురింట్లో కవలలు పుట్టినా ఆయన నోట వచ్చే మాట ఒకటే: "దండగ."

అరకులోయకి రైలు వేస్తున్న రోజుల్లో సొరంగం పనిలో రాళ్ళు మోస్తూనే, "ఈ కొండల్లో రైలెవడెక్కుతాడు? దండగ" అన్నాడట. రైలొచ్చింది. తలుపుల దగ్గర సందు దొరక్క జనం కిటికీల్లోంచి దూరారు. కాఫీ మొక్కలు పంచినప్పుడు, "సేదు గింజలు. ఎవడు తాగుతాడు? దండగ" అన్నాడు. కాఫీ వేసినవాళ్ళు పెంకుటిళ్ళు కట్టుకున్నారు. ఇలా చూసి చూసి లోయ జనం ఒక ఆనవాలు పెట్టుకున్నారు. ఎద్దును కొనాలన్నా, పిల్లనివ్వాలన్నా ముందు మంగరాజు చెవిన వేస్తారు. ఆయన దండగన్నాడా, ఇక వెనకా ముందూ చూడక్కర్లేదు.

ఈ ఆనవాలు సంగతి తెలియనివాళ్ళు లోయలో ఇద్దరే ఇద్దరు. ఒకడు సాక్షాత్తూ మంగరాజు. రెండోవాడు పైడిరాజు.

పైడిరాజు విజయనగరం నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన స్టేషను టికెట్ల గుమాస్తా. ఫుట్‌బాల్ క్లబ్బుకి కార్యదర్శి. మంగరాజు అదే క్లబ్బుకి ఉపాధ్యక్షుడు. సొరంగం రోజుల్లో ఒక ఇంజనీరు, మనిషి అడ్డంగా ఉన్నాడు కదా అని ఈయన్ని గోల్లో నిలబెట్టాడట. ఆ అర్హత మీద ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆటకీ వచ్చి గోలు పక్కన గొంతుక్కూర్చుని అందరి మీదా నోరు పారేసుకుంటున్నాడు. మనవాళ్ళు గోలు కొడితే, "ఆ బంతి దానంతటదే ఎల్లిందిరా, నీ గొప్పేటుంది?" అంటాడు. ఈ మనిషిని చూస్తేనే పైడిరాజుకి ఒళ్ళు మండేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈ నోటికి ఏ ఊరూ చాలదని అతని అభిప్రాయం.

ఆ ఏడాది జనవరిలో ఒక శుక్రవారం సాలూరు జట్టుతో ఆట పడింది. చూస్తే మైదానం చుట్టూ రెండు వేల జనం! పైడిరాజు కళ్ళు చెమ్మగిల్లాయి. క్లబ్బుకున్న గేలరీ అంటే సరివి గుంజల మీద నాలుగు బల్లలు. నలభై మంది కూర్చుంటే అందులో ఇద్దరు కింద పడతారు.

మర్నాడు పొద్దున్నే కమిటీ కూర్చుంది. అధ్యక్షుడు అప్పలస్వామి కలప కంట్రాక్టరు. ఊళ్ళో దేనికి కర్ర అవసరమైనా ముందు ఆయనకే ఉత్సాహం వస్తుంది.

"వెయ్యి మందికి గేలరీ కట్టేద్దాం. పడమటి వాలుని మెట్లు మెట్లుగా తవ్వేస్తే సరి" అన్నాడు.

"అది సోములమ్మ వలిసె చేను కదండీ?" అన్నాడు పైడిరాజు.

"దున్నుకుంతంది, అంతే. కాయితమేదీ?"

సోములమ్మకి మొగుడు లేడు, బిడ్డలు లేరు, నూనెగింజల కోసం వలిసెలు చల్లుకునే ఆ వాలు తప్ప మరో సెంటు లేదు. కాగితం అంతకన్నా లేదు. పైడిరాజుకి ఈ సంగతి తెలుసు. తెలిసీ వెయ్యి మంది చప్పట్లు చెవుల్లో మోగుతుంటే తల ఊపేశాడు. కమిటీ తలలు ఊగడానికి పెద్ద గాలి అక్కర్లేదు.

మూలనుంచి మంగరాజు లేచాడు.

"దండగ! ఆ జనం మీ ఆట సూడ్డానికొచ్చినారనుకున్నారేటి? శుక్రారం సంత కదా! ఉప్పూ ఎండుసేపలూ కొనుక్కుని, రైలొచ్చేదాకా కూకోడానికి జాగా లేక మీ కాడ కూకున్నారు. గోలంటే ఏటో ఒక్కడికి తెలీదు. ఒకావిడ నన్నే అడిగింది, ఆ బంతి ఎవుడికీ ఇవ్వకుండా ఎందుకలా తన్నుకుంతన్నారని!"

"అన్నీ మీకే తెలుసా తాతా?" అన్నాడు పైడిరాజు ఉక్రోషంగా.

"నమ్మకపోతే మంగళారం ఆడించు గుమస్తా బాబూ! సంత లేని రోజున వందమందొస్తే నువ్వు సెప్పినట్టే కట్టుకో. రాకపోతే గేలరీ మాట మరెత్తకూడదు."

అందరూ సరేనన్నారు. ఆ పూట నుంచే మూడు రోజులు మంగరాజు ఊళ్ళో కనబడలేదు. పీడా విరగడైందనుకుని పైడిరాజు సుఖంగా టికెట్లు కొట్టుకున్నాడు.

మంగళవారం వచ్చింది. పొద్దు నడినెత్తికి రాకుండానే కొండదారులన్నీ జనంతో నిండిపోయాయి. చంకలో పిల్లలతో ఆడవాళ్ళు, కర్రలు పొడుచుకుంటూ ముసలివాళ్ళు, ఒకాయన మేకతో సహా దిగాడు. వంద కాదు, మూడు వేలు ఉంటారు.

పైడిరాజుకి ఆనందంతో పాటు అనుమానం కూడా వచ్చింది. ముందు వరసలో బుధు అనే ముసలాయన్ని పట్టుకుని అడిగాడు.

"ఈ రోజు సంత లేదు కదా, ఇంతమంది ఎలా వచ్చారు?"

"మంగరాజు సెప్పినాడు బాబూ. మూడు రోజులు కాలినడకన ఊరూరా తిరిగినాడు. మంగళారం ఆటకి ఎవులూ రాకండి, దండగ, అని ఇంటింటికీ ఎల్లి సెప్పినాడు. అంత దండగని సెప్పినాక రాకుండా ఎలాగుంతాం?"

అప్పుడు బుధు ఆ ఆనవాలు సంగతంతా విప్పి చెప్పాడు. పైడిరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. పక్కకి తిరిగితే రెండడుగుల దూరంలో మంగరాజు! అంతా విన్నాడు. పాదాలు పగిలి దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి.

ఆయన చూపు ఆట మీద లేదు. పడమటి వాలు మీద ఉంది. అక్కడ సోములమ్మ కోసిన వలిసె పనలను పక్కకి జరుపుతూ, "కూకోండమ్మా, ఇక్కడ కూకోండి" అని జనానికి జాగా చేస్తోంది. దాహమన్నవాళ్ళకి తన కుండలో నీళ్ళు ముంచి ఇస్తోంది. అంతలో అప్పలస్వామి టేపు పట్టుకుని వాలెక్కాడు.

"ఏటి బాబూ కొలుత్తన్నారు?" అని అడిగింది ఆవిడ నవ్వుతూ.

అప్పలస్వామి వినబడనట్టు టేపు లాగుతూ పోయాడు. అది చూసి పైడిరాజుకి తన మీద తనకే అసహ్యం వేసింది.

అప్పుడు మంగరాజు మైదానం మధ్యకి నడిచాడు. ఆట ఆగిపోయింది. ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆముదం తాగేవాడిలా మొహం పెట్టి అరిచాడు.

"అందరూ ఇనండి! సోములమ్మ వాలు... బాగుంది!"

మూడు వేల తలలూ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగాయి. మేక కూడా నమలడం మానేసింది.

"గేలరీకి శానా మంచి జాగా! అంత మంచి జాగా నాను పుట్టి ఎరగను! తూరుపు పక్క నా అల్లం సేను మాత్రం ఉత్త దండగ!"

వాలు మీద కూర్చున్న జనం గబగబా లేచిపోయారు. పిల్లల్ని చంకనేసుకుని, తల్లులు దిగి వచ్చేశారు. "మంగరాజు బాగుందన్న జాగాలో మేం కూకోం బాబూ! కొండ విరిగి పడతాదో ఏటో! కడితే ఆ అల్లం సేలో కట్టండి" అని అప్పలస్వామిని చుట్టుముట్టారు.

"తూర్పున కూర్చుంటే సాయంత్రం ఎండ కళ్ళల్లో పడుతుందయ్యా!" అని మొత్తుకున్నాడు అప్పలస్వామి.

"పడనీ. ఈళ్ళ ఆట కనబడకపోతేనే మంచిది" అన్నాడు మంగరాజు. మళ్ళీ తన దారిలో పడ్డాక ఆయన మొహం తేటపడింది.

లోయలో ఆ అల్లం చేనంత చదునైన, సారమైన నేల మరొకటి లేదని పైడిరాజుకి తెలుసు. ఆ అల్లం కోసం విశాఖపట్నం నుంచి షావుకార్లు వచ్చేవాళ్ళు. సాయంత్రం మంగరాజు వెనకాలే నడుస్తూ అడిగాడు.

"సోములమ్మ మీద జాలిపడి ఇచ్చేశారు కదా తాతా?"

"జాలేటి? దండగ. అల్లం తింటే నోరు మండుద్ది. బేగి ఎల్లు, నీ రైలొస్తంది."

మూడు నెలలకి గేలరీ లేచింది. మొదటి ఆట నాడు వెయ్యి మందీ చేతులు కళ్ళకి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. సోములమ్మ ఆకుదొప్పలో వలిసెలు వేయించి బెల్లంతో దంచిన ఉండలు తెచ్చి మంగరాజు ముందు పెట్టింది. ఆయన ఒకటి నోట్లో వేసుకున్నాడు. రెండోది వేసుకున్నాడు. వరసగా ఆరు వేసుకున్నాడు.

"ఎలాగున్నాయన్నా?" అంది ఆవిడ.

"దండగ."

సోములమ్మ మొహం వెలిగిపోయింది. దొప్పలో చివరి ఉండ ఒకటి మిగిలింది. పక్కనున్న పైడిరాజు ఆశగా చెయ్యి చాచాడు.

"తీసుకో గుమస్తా బాబూ" అన్నాడు మంగరాజు. "శానా బాగుంది."

బదిలీ మీద వచ్చిన ఆరు నెలలకే లోయ అలవాట్లు ఒంటబట్టిన పైడిరాజు చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. మంగరాజు ఆ ఉండ కూడా నోట్లో వేసుకుని ఆట వైపు తిరిగాడు.