సహజ నిద్ర

బాన్సువాడ డిపోలో కండక్టర్ దేవదాస్‌కు మంచి పేరుంది. బస్సు ఎంత కిటకిటలాడుతున్నా విసుక్కోడు. ముసలివాళ్లు దిగి రెండడుగులు పక్కకు జరిగేదాకా రైట్ చెప్పడు. బీర్కూర్ నుంచి కూరగాయల గంపలతో వచ్చే ఆడవాళ్లు అతని డ్యూటీ ఏ పూటో కనుక్కుని మరీ ఆ బస్సే ఎక్కుతారు. అలాంటివాడు ఈ మధ్య రోజూ ఆవులిస్తున్నాడు. ఒకనాడు రుద్రూర్ దాటాక కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకు తీశాడు. పంచెకట్టు పెద్దాయన ఒకరు భుజం తట్టి లేపి, బోధన్‌కు ఒక టికెట్ ఇయ్యమని నెమ్మదిగా అడిగాడు. బస్సంతా నవ్వింది. దేవదాస్ కూడా నవ్వాడు గానీ, దిగాక పంపు దగ్గర ముఖం మీద నీళ్లు చల్లుకుని చాలాసేపు నిలబడ్డాడు.

అతని నిద్ర పోగొట్టింది ఇరవై నెలల కూతురు సహజ.

దేవదాస్‌ది బీర్కూర్ పక్క తండా. భార్య రేఖది పెద్ద కొడప్‌గల్ వైపు తండా. ఉద్యోగం వచ్చాక బాన్సువాడలో పోచవ్వ ఇంటి వెనక రెండు గదులూ వంటిల్లూ కిరాయికి తీసుకున్నారు. ముందు భాగంలో పోచవ్వ ఒక్కతే ఉంటుంది. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దుపోయేదాకా అరుగు మీద బీడీలు చుడుతుంది. రేఖ ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది.

దేవదాస్‌కు ఎక్కువగా పడేది మధ్యాహ్నం డ్యూటీ. ఆఖరి ట్రిప్పు ముగించి, డిపోలో టికెట్ మిషన్ అప్పజెప్పి, ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర. పొద్దున తొమ్మిదింటిదాకా నిద్రపోతాడు. లేచి స్నానం చేసి అన్నం తినేసరికి మళ్లీ డ్యూటీకి వేళవుతుంది. బిడ్డతో గడిపే సమయం ఏదని లెక్కేసుకుంటే రాత్రి ఒక్కటే కనిపించింది. అందుకే తను వచ్చేదాకా పిల్లను పండుకోబెట్టవద్దని రేఖకు చెప్పాడు. ఆమె కూడా సరేనని సాయంత్రం అయిదింటికి పిల్లను జోకొట్టి, ఏడున్నరకు లేపేది.

ఇక పదిన్నరకు ఆ ఇంట్లో బస్సు బయలుదేరేది. దేవదాస్ దిండ్లు వరసగా పేర్చేవాడు. అవి సీట్లు. సహజ మొదటి సీట్లో కూర్చుని చెయ్యి చాపేది. అతను పాత కాగితం చించి, ఆడవాళ్లకు టికెట్ జీరో అని చెప్పి అందించేవాడు. ఆమె "రై రై" అని అరిచేది. బస్సు గదంతా తిరిగి, వంటింట్లో నీళ్లు తాగి, మళ్లీ మంచం దగ్గరికి వచ్చేసరికి పదకొండున్నర. తండ్రి అలసిపోయి వాలిపోయేవాడు. కూతురు మాత్రం అప్పుడే తెల్లారినట్టుండేది. ఒంటిగంటకు ఎలాగో కన్ను మూస్తే రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి లేచి "బచ్చు, బచ్చు" అని దిండ్లు లాగేది. నడిపితే తప్ప ఊరుకునేది కాదు.

రేఖ ఒకరోజు ఎవరిదో పెళ్లి జాకెట్‌కు రెండు చేతులూ ఎడమవే కుట్టేసింది. పిల్లకు ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీశారు. రేఖ పుట్టింటివాళ్లు తాయెత్తు పంపారు. పిల్లల డాక్టర్ చూసి, పిల్ల ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉందనీ, సాయంత్రం నిద్ర మాన్పించి పెందలాడే పడుకోబెట్టమనీ చెప్పాడు. ఆ మాట రేఖ ఇంటికి తెచ్చింది గానీ మొగుడికి పూర్తిగా చెప్పలేదు. మందులేవీ అక్కర్లేదన్నాడని మాత్రం అంది.

అసలు సంగతి పోచవ్వ నోట బయటపడింది. నెలకు నాలుగైదుసార్లు దేవదాస్‌కు నైటౌట్ డ్యూటీ పడుతుంది. బస్సు ఏదో ఊళ్లో రాత్రి ఆగిపోతుంది, అతను అక్కడే పడుకుని తెల్లారి బయలుదేరతాడు. అలా ఒకసారి పొద్దున్నే ఇంటికి వస్తుంటే, అరుగు ఊడుస్తున్న పోచవ్వ నవ్వుతూ పలకరించింది.

"నిన్న రాత్రి మంచిగ నిద్ర వట్టింది బిడ్డా. నువ్వు లేని దినం మీ పిల్ల సప్పుడే ఉండది. ఎనిమిది గొట్టంగ పండుకుంటే మల్ల తెల్లారినంకనే లేస్తది."

పోచవ్వ మాటలో కల్మషం లేదు. దేవదాస్ మాత్రం బూట్లు కూడా విప్పకుండా లోపలికి వెళ్లి రేఖను అడిగాడు. ఆమె కుట్టుమిషన్ ఆపింది. ఇక దాచలేక చెప్పింది.

"నిజమే బావా. నువ్వు రాని దినం నేను సాయంత్రం పండుకోబెట్టను. ఏడింటికే అన్నం పెడత, ఎనిమిదింటికి పండుకుంటది. రెండు నెలల సంది చూస్తున్న. చెప్తే నీ మనసు నొస్తదని చెప్పలే."

ఆరోజు దేవదాస్ అన్నం సగంలోనే లేచాడు. అతనికి కోపం రేఖ మీద కాదు, పోచవ్వ మీదా కాదు. తన బిడ్డ తను లేకుంటేనే హాయిగా ఉందన్న మాట మింగుడు పడలేదు. డ్యూటీలో ఒకాయన నిజామాబాద్ అడిగితే బోధన్ టికెట్ కొట్టాడు.

ఆ వారంలోనే తల్లి గౌరీబాయి తండా నుంచి వచ్చింది. కొడుకు ముఖం చూడగానే ఏదో ఉందని పసిగట్టి, వచ్చినపూటే రేఖను అడిగి అంతా తెలుసుకుంది. మూడోనాడు దేవదాస్ డ్యూటీకి బయలుదేరబోతుంటే పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ ఇంట్లో మాటలు సగం లంబాడీలో, సగం తెలుగులో నడుస్తాయి. యాడీ అని పిలిచే తల్లి ముందు దేవదాస్ మనసులోది బయటపెట్టాడు.

అతని తండ్రి మోతీలాల్ ఏటా చెరకు కొట్టడానికి మహారాష్ట్ర వెళ్లేవాడు. దసరా దాటాక వెళితే మళ్లీ ఎండలు ముదిరాకే రావడం. దేవదాస్‌కు మూడేళ్లున్నప్పుడు అలా వచ్చిన తండ్రిని చూసి తల్లి కొంగు వెనక దాక్కున్నాడు. ఆ మనిషిని పంపెయ్యమని రెండు రోజులు ఏడ్చాడు. మోతీలాల్ తెచ్చిన బెల్లం బుట్ట గడప దగ్గరే పెట్టి చాలాసేపు బయట కూర్చున్నాడని తండాలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నాక్కూడ గదే భయం యాడీ. రాత్రిపూట గూడ కనవడకపోతే అది నన్ను మర్చిపోతది" అన్నాడు దేవదాస్.

గౌరీబాయి కొడుకు తల మీద చెయ్యి వేయలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. సూటిగా అడిగింది.

"మీ బాపు ఆరు నెలలు ఇంట్ల లేకుండె. నువ్వు రోజుకు పది గంటలు ఉండవు. రెండూ ఒక్కటేనా? పిల్లకు తండ్రి కావాలె, నిజమే. అర్ధరాత్రే ఎందుకు కావాలె? పొద్దుగాల అది ఆరింటికి లేస్తది. అప్పుడు నువ్వు ముసుగు దన్ని పండుకుంటవు. అది మంచం చుట్టు తిరిగి తిరిగి పోతది. నేను రెండు దినాల సంది చూస్తున్న."

ఆ సంగతి దేవదాస్‌కు తెలియదు మరి. పిల్ల తన మంచం చుట్టూ తిరిగిన ఆ ఉదయాలన్నీ అతను నిద్రలోనే ఉన్నాడు.

గౌరీబాయి వారం రోజులు ఉంటానంది. ఆమె పెట్టిన పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. సహజకు మధ్యాహ్నం ఒక్క నిద్ర, అదీ మూడింటిలోపు లేపాలి. సాయంత్రం వాకిట్లో అలిసేదాకా ఆడించాలి. ఏడింటికి మెత్తగా కలిపిన పప్పన్నం, గోరువెచ్చని నీళ్లతో స్నానం. ఆ తర్వాత టీవీ బంద్, ఫోన్ బంద్, పెద్ద లైటు బంద్. తండా నుంచి తెచ్చిన పాత బొంత పరచి, రోజూ అదే చోట, అదే వేళకు పడుకోబెట్టాలి. రాత్రి లేస్తే ఎత్తుకుని తిప్పకూడదు. లైటు వేయకుండా పక్కనే ఉండి వీపు మీద చెయ్యి వేయాలి, అంతే. దేవదాస్ వచ్చేసరికి పిల్ల నిద్రలో ఉంటుంది కాబట్టి అతను గదిలోకి రాకూడదు.

మొదటిరోజు దేవదాస్ తన ఇంట్లోకే దొంగలా వచ్చాడు. గేటు కిర్రుమంటుందని గోడ పక్కనుంచి దూరాడు. బూట్లు పోచవ్వ అరుగు దగ్గరే విప్పాడు. వంటింట్లో చీకట్లో పెరుగు గిన్నె అనుకుని పిండి గిన్నెలో చెయ్యి పెట్టాడు. రేఖ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. లోపల సహజ రెండింటికి లేచి ఏడ్చింది. దేవదాస్ ముందు గదిలో చాప మీద లేచి కూర్చున్నాడు. గౌరీబాయి చీకట్లోంచే, లేవొద్దని గొంతు తగ్గించి హెచ్చరించింది. పిల్ల ఇరవై నిమిషాలు ఏడ్చింది. తండ్రికి అది బోధన్ దాకా పోయి వచ్చినంత దూరమనిపించింది.

రెండో రోజు పావుగంట ఏడ్చింది. మూడో రోజు అసలు దోషం దేవదాస్‌దే. ఊరికే ఒక్కసారి చూసొస్తానని గది తలుపు సందులోంచి తొంగిచూశాడు. సహజ అప్పుడే కదిలి కళ్లు తెరిచింది. తండ్రి ముఖం కనబడగానే లేచి దిండు అందుకుంది. ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. దిండు దాచేస్తే "బచ్చు" ఏదని ఒకటే గోల. చివరికి రేఖకు ఒక ఉపాయం తట్టింది. బస్సు డిపోకు పోయి పండుకుందని చెప్పింది. సహజ ఆలోచించి, డ్రైవర్ సంగతి అడిగింది. డ్రైవర్ కూడా పండుకున్నాడు. కండక్టర్? కండక్టర్ ముందు గదిలో చాప మీద కళ్లు గట్టిగా మూసుకుని, పండుకున్నట్టు నటిస్తున్నాడు. మనుమరాలిని చెయ్యి పట్టుకుని తెచ్చి గౌరీబాయి చూపించింది. సహజ తండ్రి ముక్కు పట్టుకుని లాగి చూసింది. కదల్లేదు. నమ్మకం కుదిరి వెళ్లి బొంత మీద పడుకుంది.

ఉదయాలు మాత్రం దేవదాస్‌కు కష్టమయ్యాయి. పన్నెండింటికి పడుకున్నవాడు ఆరింటికి లేవాలంటే ఒళ్లు మాట వినదు. అయినా లేచాడు. సహజ కళ్లు నులుముకుంటూ గదిలోంచి వచ్చేసరికి ఎదురుగా చాప మీద దిండ్లు వరసగా ఉండేవి. బస్సు పొద్దున ఆరుంబావుకు బయలుదేరి, పాలకేంద్రం దాకా నాన్న భుజాల మీద వెళ్లి, చాయ్ హోటల్ దగ్గర ఆగి, బిస్కెట్ తిని తిరిగి వచ్చేది. దారిలో కనబడ్డవాళ్లందరికీ సహజ చెయ్యి ఊపేది. మధ్యాహ్నం కూతురు పడుకుంటే తనూ ఓ గంట పడుకుని డ్యూటీకి వెళ్లేవాడు.

ఎనిమిదో రాత్రి సహజ లేవలేదు. దేవదాస్ అయిదింటికే మెలకువ వచ్చి, ఏమీ వినబడక భయపడి, రేఖను లేపి, పిల్ల ఊపిరి చూడమన్నాడు. రేఖ కసురుకుని మళ్లీ పడుకుంది. గౌరీబాయి ఆరోజే బట్టలు సంచిలో సర్దుకుని బీర్కూర్ బస్సెక్కింది.

అంతా ఒక్కసారిగా చక్కబడిందని కాదు. వానలు మొదలైనప్పుడు సహజకు జలుబూ జ్వరమూ వచ్చి, ముక్కు మూసుకుపోయి అయిదారు రాత్రులు మళ్లీ జాగరణే. జ్వరం ఉన్నన్నాళ్లూ ఎత్తుకునే తిరిగారు. తగ్గాక పాత పద్ధతికే వచ్చారు. రెండు రాత్రుల్లో దారిలో పడింది. పోచవ్వ మాత్రం ఇప్పుడు పిల్ల గొంతు వినబడక పొద్దు పోవట్లేదని ఫిర్యాదు చేస్తుంది. ఎవరికి ఏది లోటో చెప్పలేం.

దసరా ముందు దేవదాస్‌కు వారం రోజులు పొద్దుటి డ్యూటీ పడింది. సాయంత్రానికల్లా ఇంట్లో ఉన్నాడు. పెళ్లి జాకెట్ల పని మీద ఉన్న రేఖ, ఈపూట పిల్లను నువ్వే పండుకోబెట్టమంది. దేవదాస్ ఇంతవరకూ ఆ పని చేయలేదు. అన్నం తినిపించాడు, సగం తన చొక్కా మీదే పడింది. స్నానం చేయించాడు. లైటు తీసి బొంత మీద పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేశాడు. సహజ రెండుసార్లు లేచి కూర్చుంది. కథ అడిగింది, నీళ్లు అడిగింది, అమ్మ ఎక్కడని అడిగింది. అతను ఆడించలేదు, విసుక్కోలేదు. కాసేపటికి చిన్న చెయ్యి అతని వేలు పట్టుకుంది. ఇంకాసేపటికి ఆ పట్టు సడలింది.

బయటికి వచ్చి గడియారం చూస్తే ఎనిమిదీ పది. రేఖ మిషన్ ఆపి, పండుకుందా అన్నట్టు చూసింది. తల ఊపాడు. ఆమె లేచి జొన్నరొట్టెలు వేడివేడిగా కాల్చింది. పిల్ల పుట్టాక ఆ వేళకు ఇద్దరూ కలిసి కూర్చుని తినడం అదే మొదటిసారి.

"ఇగ ఇంత టైముంది, ఏం చేద్దాం బావా?" అంది రేఖ.

దేవదాస్ రొట్టె తుంచుతూ, సాయంత్రం పాలకేంద్రం దగ్గర సహజ ఎవరితో ఏమన్నదో చెప్పడం మొదలుపెట్టాడు.