చేప పళ్ళెం పక్కన గరిటె

మా ఆయన ఉద్యోగం వల్ల చైనాలో ఒక నగరంలో మూడేళ్ళున్నాం. వెళ్ళిన మొదటి నెలలోనే, కింది ఫ్లాట్‌లో ఉండే రిటైర్డ్ టీచరమ్మ మమ్మల్ని భోజనానికి పిలిచింది. తను తింటున్న చాప్‌స్టిక్స్‌తోనే పెద్ద పళ్ళెంలోని చేపముక్క తీసి నా గిన్నెలో వేసింది. అక్కడ అది ఆప్యాయత. నాకు మాత్రం అది ఎంగిలి. వద్దనడం చేతకాక ముక్కను అన్నం కింద దాచాను. నచ్చి తినేశాననుకుని ఇంకోటి వేసింది, ఆపైన మరోటి. భోజనాలయ్యాక గిన్నెలు తీస్తూ అడుగునున్న మూడు ముక్కలూ చూసింది.

మళ్ళీ పిలిచినప్పుడు చేప పళ్ళెం పక్కన ఒక గరిటె ఉంది. అందరికీ చాప్‌స్టిక్స్‌తోనే వేసి, నాకొక్కదానికే ఆ గరిటెతో వడ్డించింది. నేను కోరుకున్నదీ అదే. అయినా నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆవిడ ఇంటిమనిషిని చేసుకోబోతే నేనే పరాయిదాన్నయ్యాను. ఆ గరిటెను పక్కకు జరిపి నా గిన్నె ఆవిడ ముందుకు చాపడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు చైనా వదిలి, మిల్టన్ అనే మరో విదేశీ ఊళ్ళో ఉంటున్నాం. మొన్న ఆదివారం మా వీధిలోని తెలుగు ఆంటీని లంచ్‌కి పిలిచాను. మాటల్లో పడి, నేను తింటున్న స్పూన్‌తోనే చేపముక్క తీసి ఆవిడ ప్లేట్‌లో వేశాను. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"అదేంటమ్మా, ఎంగిలి స్పూన్‌తో సర్వ్ చేస్తున్నావ్?"

ముందు చిర్రెత్తుకొచ్చింది. తర్వాత లేచి, వంటింట్లోంచి వేరే గరిటె తెచ్చి చేప పళ్ళెం పక్కన పెట్టాను.