రెండు పంపులు, నాలుగంగుళాలు

మొన్న మంగళవారం జీపు సీట్లో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నాలుగంగుళాలు పొట్టివాణ్ణయ్యాను. నవ్వకండి! చాయ్ తాగుతూ వినండి.

నా జీపు మీకు తెలుసు కదా. పాత మిలటరీ బండి. అందులో నేను ఇరికించింది ఆరు సిలిండర్ల ఫారిన్ కారు ఇంజన్, నూట ఇరవై హార్స్‌పవర్. పెట్రోలు ట్యాంకు సరిగ్గా డ్రైవర్ సీటు కింద. సీటు ఫ్రేము తుప్పుపట్టి ఊడిపోతే మెత్తను నేరుగా ట్యాంకు మీదే వేసుకున్నాను.

రెండు నెలలుగా ఒకటే తిప్పలు. అరగంట తోలితే చాలు, పెట్రోలు అందక బండి దగ్గి ఆగిపోయేది. కాసేపు ఊరుకుంటే మళ్ళీ స్టార్ట్. లెక్క వేశాను. ఫుల్ స్పీడు మీద ఇంజన్ నిమిషానికి ముప్పావు లీటరు తాగుతుంది. పంపు ఇచ్చేది అర లీటరు. అలాంటివి రెండు పెడితే లీటరు. ఇంకా పావు లీటరు మిగులు! పాత పంపు పీకేసి రెండు ఎలక్ట్రిక్ పంపులు పక్కపక్కనే బిగించాను. మా ఖమ్మం ఖానాపురం హవేలిలో రెండు రౌండ్లు కొట్టి చూశాను. గుర్రమే!

అంతలో బీడీలకు వాడే తునికాకు కాంట్రాక్టరు నర్సయ్య సేటు వచ్చాడు. "పదకొండు గంటలకు భద్రాచలంల ఆకు వేలం ఉంది తమ్మీ. టైముకు దింపు, సీజనంతా నీ బండే పెట్టుకుంట. లేటయిందనుకో, మళ్ళ మొఖం చూపియ్యకు."

ఏడున్నరకు బయల్దేరాం. కొత్తగూడెం దాకా ఒక్క దగ్గు లేదు. దాటాక సేటు నన్ను పరీక్షగా చూశాడు.

"ఏంది, కిందికి జారుతున్నవ్?"

"మెత్త పాతది సేటూ."

పాల్వంచ దాటి అడవిలో పడ్డాం. స్టీరింగు మీదుగా నాకు టేకు చెట్ల కొనలే కనిపిస్తున్నాయి. రోడ్డు కనిపించట్లేదు!

"తమ్మీ, ఖమ్మంల ఎక్కినప్పుడు నాకన్న ఎత్తున్నవ్ గదా!"

నేను జవాబు చెప్పేలోపే కింద నుంచి ధడేల్! గడ్డం వెళ్ళి స్టీరింగుకు తగిలింది. ఇంజన్ చచ్చిపోయింది. సేటు దూకి టైర్లు నాలుగూ తన్ని చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

మెత్త ఎత్తితే ఏముంది! కాలితో తొక్కిన డబ్బాలా ట్యాంకు లోపలికి సొట్టబోయి ఉంది. టైము పావుతక్కువ పది. భద్రాచలం ఇంకా ముప్పై కిలోమీటర్లు. సీజన్ కిరాయి కళ్ళ ముందే పోతోంది. నేనేమో బానెట్ మీది దుమ్ములో వేలితో మళ్ళీ లెక్క మొదలుపెట్టాను. "పంపులు రెండూ కరెక్టే సేటూ, నిమిషానికి లీటరు..."

"నీ లెక్కలు తర్వాత. ముందు ట్యాంకు మూత తియ్!"

తీశాను. హుస్సుమని గాలి లోపలికి దూరింది. టప్పుమని సొట్ట సగం పైకి లేచింది. మూత కింద సైకిల్ ట్యూబు ముక్క.

"గిదేంది?"

"పెట్రోలు వాసనకు కడుపుల తిప్పుతుందని మా అమ్మ బండెక్కనంటే, మూతకున్న సన్న బొక్క మూసిన సేటూ."

"ఎప్పుడు?"

"రెండు నెలలాయె..." అంటూ వేళ్ళు లెక్కపెట్టాను. బండికి దగ్గు మొదలైంది కూడా అప్పుడే!

సేటు తల కొట్టుకున్నాడు. "నూనె డబ్బాకు ఒక్క బొక్క కొడితే నూనె వస్తదా? గాలి లోపలికి పోనీకి ఇంకోటి కొట్టాలె. కిరాణం కొట్టు పెట్టిన మొదటి దినమే నేర్చుకున్న. నువ్వు మూతేసిన డబ్బాకు రెండు పంపులు పెట్టినవ్!"

అసలు మన రోడ్ల మీద ఫుల్ స్పీడు ఎక్కడిది, ఆ ముప్పావు లీటరు తాగడానికి? పాత పంపే హాయిగా సరిపోయేది. ట్యూబు ముక్క విసిరేశాను. ఒక్క సెల్ఫుకే స్టార్ట్! గోదావరి బ్రిడ్జి దాటి వేలం ఆఫీసు ముందు బ్రేకు వేసేసరికి పదకొండుకు తొమ్మిది నిమిషాలు తక్కువ. అప్పుడు గానీ నేను ఊపిరి పీల్చలేదు. ట్యాంకు తర్వాత నాకూ గాలి అందింది.

వేలం పాడుకుని సేటు నవ్వుతూ బయటికొచ్చాడు. చేతిలో ఒక గోనెసంచి. నాలుగు మడతలు పెట్టి నాకిచ్చాడు.

"సీజనంతా నీ బండే. గిది కిందేసుకొని కూసో. తొవ్వ కనపడాలె గదా!"

ఇదీ సంగతి. నూట ఇరవై హార్స్‌పవర్, రెండు పంపులు, అన్నిటి పైన ఒక గోనెసంచి, దాని మీద నేను.