మావయ్యగారి నక్షత్రం మార్చేశాను

మొన్న నేనేం చేశానో తెలుసా? కుదరబోతున్న పెళ్లిని చెడగొట్టి కూర్చున్నాను! నవ్వకండి, ఇప్పటికీ తలుచుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీటం లేదు.

మా మావయ్యగారు విజయనగరంలో అర్చకులు. జాతకాలూ చూస్తారు. ఎప్పుడో కొన్న పాత సాఫ్ట్‌వేర్ ఒకటుంది ఆయనకి. పుట్టిన తేదీ, టైము కొడితే నక్షత్రం, పొంతన అన్నీ ప్రింటైపోతాయి. నేనేమో కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే కోడల్ని.

"ఈ సిస్టమ్‌కి అప్‌డేట్లు ఆగిపోయాయి మావయ్యా, కొత్త ఓఎస్ వేసేస్తాను" అన్నాను.

"నడుస్తోంది కదమ్మా, ఉండనీ" అన్నారాయన.

విన్నానా? వేసేశాను. జాతకం సాఫ్ట్‌వేర్ మొండికేసింది. తెరుచుకోదే! కంపాటిబిలిటీ మోడ్ పెట్టి, సెట్టింగులన్నీ కెలికి మొత్తానికి లేపాను. ఆ సాయంత్రం ఇంటిల్లిపాదికీ నా గొప్పలే.

ఆ వారమే గజపతినగరం నుంచి అప్పలనాయుడుగారొచ్చారు, వాళ్లమ్మాయికి నౌపడ సంబంధం చూసుకుని. పిల్లా పిల్లాడూ ఒకరికొకరు నచ్చేశారు. పొంతన చూడ్డమే తరువాయి. మావయ్య ప్రింటు తీసి చాలాసేపు చూశారు.

"కుదరటం లేదు నాయుడూ."

"తవరు సెప్పినాక ఇంకేటున్నాది బాబూ" అని ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. నౌపడ వాళ్లకి వద్దని కబురూ పంపేశాడు.

కొన్నాళ్లకి ప్రింటరులో ఇంకు మార్చి, అక్షరాలు బాగా పడుతున్నాయో లేదో చూద్దామని మావయ్య తన జాతకమే కొట్టుకున్నారు. వంటింట్లో ఉన్నాను, కేకేశారు.

"అమ్మాయ్! నాది హస్తా నక్షత్రం. రోజూ సంకల్పంలో చెప్పుకుంటాను. ఇదేటి, రేవతి అంటోంది? ఈ వయసులో నాకు నక్షత్రం మారిందా?"

పరిగెత్తుకెళ్లి సెట్టింగులు తెరిచి చూశాను. కొత్త ఓఎస్‌లో తేదీ పద్ధతి అమెరికాదే ఉండిపోయింది, నెల ముందు, తేదీ తర్వాత! నేను మార్చలేదు. పాత సాఫ్ట్‌వేర్ దాన్నే నమ్మింది. పన్నెండు దాటితే అది నెల కాలేదు కాబట్టి ఆ తేదీల్ని సరిగ్గానే తీసుకుంటోంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నాయుడుగారి అమ్మాయి పుట్టింది మే నాలుగున. దాన్ని ఏప్రిల్ ఐదు చేసి కూర్చుంది! సరిచేసి మళ్లీ కొడితే పొంతన బ్రహ్మాండంగా కుదిరింది.

మావయ్యని స్కూటర్ ఎక్కించుకుని గజపతినగరం పరిగెత్తాను. సంగతి వినగానే ఆ పిల్ల విసురుగా లోపలికెళ్లిపోయింది. ఏడుపు బయటికి వినిపిస్తూనే ఉంది.

"ఏటమ్మా, మా పిల్ల పుట్టిన నెల మార్సేసినావా?" అన్నాడు నాయుడుగారు.

"తప్పు నాది నాయుడూ, ఒకసారి చేత్తో లెక్క చూసుకోవాల్సింది" అన్నారు మావయ్య. నేను నోరు విప్పేలోపే ఆయన మీదేసుకున్నారు!

నాయుడుగారు నౌపడ ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు. అవతల పెళ్లికొడుకు తల్లి.

"ఓపాలి వద్దంతారు, ఓపాలి కావాలంతారు. మాకు పరువు నేదేటి?"

బతిమాలగా బతిమాలగా దిగొచ్చింది. కానీ ఒక్క షరతు. పొంతనా, ముహూర్తమూ తమ ఊరి పంతులుగారే చూడాలట. నాయుడుగారు తలొంచుకుని సరేనన్నాడు. వాళ్లింట్లో ఇన్నేళ్లుగా ప్రతి ముహూర్తమూ మావయ్యే పెట్టారు. తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ వెనక కూర్చుని "మెల్లిగా నడుపమ్మా" అన్నారాయన. నన్ను తిట్టినా బాగుండేది.

పెళ్లి మాత్రం కుదిరింది. నిన్న నాయుడుగారు నాకే ఫోన్ చేశాడు.

"అమ్మా, మావగార్ని తీసుకుని తప్పకుండా రావాల. వచ్చే నెల పదో తారీకు."

"వస్తాం బాబాయ్, మే పది కదా" అన్నాను.

"ఆఁ, మే పది. మే నెల, పదో తారీకు. బాగా ఇనుకో తల్లీ, అక్టోబరు అయిదుకి వచ్చీగలవు!"