మా అత్త గోలీ పలక

మా మేనత్త పోయిందన్న కబురు బళ్ళారి బస్సు కండక్టరు తెచ్చాడు. నేను అనంతపురంలో ఒక ముద్రణాలయంలో సీసపు అక్షరాలు పేర్చే పని చేస్తాను. ఆ పొద్దు ఎవరిదో పెళ్లిపత్రిక పేరుస్తున్నాను. కండక్టరు గడప దగ్గరే నిలబడి, "మీ అత్త తెల్లారుజామున పోయిందప్పా. మట్టి సాయంత్రానికంట. ఇదే బస్సు తిరుక్కోని పోతాది, ఎక్కు" అన్నాడు. చావు కబురు విన్న చేత్తో పెళ్లిపత్రిక ముగించడం బాగుండదని ఆ పని పక్కతనికి అప్పజెప్పి బస్సెక్కాను.

మీలో ఎవరూ ఆమెను ఎరిగి ఉండరు. ఎరగదగ్గ మనిషి కాబట్టి రాస్తున్నాను. విడపనకల్లు దాటాక బస్సు ఆగే చోట మా మామకు ఒక టీ అంగడి ఉండేది. పేరుకు మామది. పొయ్యి, పెనం, నోరు మూడూ మా అత్తవే. పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి చేసేది. ఎవరైనా బాగుందంటే, "బాగుండక ఏం చేస్తాది, తిను" అనేది. తను మాత్రం దేన్నీ బాగుందని మెచ్చుకున్న పాపాన పోలేదు. మహా నచ్చితే "తప్పేం లేదు" అనేది. ఏదైనా ఆలోచించేటప్పుడు ఒక శనక్కాయను వేళ్ళ మధ్య దొర్లిస్తూ కూర్చునేది. కాయ చిట్లిందంటే నిర్ణయం అయిపోయిందని మా మామ లేచి ఇవతలికి వచ్చేసేవాడు. ఇంక మాట్లాడి లాభం లేదని ఆయనకు తెలుసు.

నాకు పదేళ్ళప్పుడు ఆ అంగడి ముందే ఆగి ఉన్న బస్సు వెనక నిచ్చెన ఎక్కాను. పిల్లలం అందరం ఎక్కేవాళ్ళమే. బస్సు కదిలింది, నేను పడ్డాను, కుడి ముంజేయి విరిగింది. ఎముకలు కట్టే పెద్దాయన ఒకాయన వెదురు బద్దలు పెట్టి గట్టిగా కట్టు కట్టి, ఫలానా దినం తీసుకురండి, కట్టు వదులు చెయ్యాలి అని చెప్పాడు. తీరా చూస్తే ఆ దినం అమావాస్య.

"అమావాస్య నాడు విరిగిన చేతి మీద చెయ్యి పెట్టిస్తారా యెవురన్నా? దాటనీ," అన్నది అత్త.

మా నాయన అక్క మాట జవదాటడు. అమావాస్య పోతే మంగళవారం వచ్చింది. మంగళవారం పోయేసరికి ఆ పెద్దాయన ఏదో జాతరకు వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చి కట్టు విప్పేసరికి ఎముక చక్కగా అతికి ఉంది, వేళ్ళు మాత్రం పిడికిలి బిగించినట్టు ముడుచుకుని ఉండిపోయాయి. లాగితే ప్రాణం పోయేది. బళ్ళారి ఆసుపత్రిలో డాక్టరు అటూ ఇటూ తిప్పి చూసి, ఆడిస్తూ ఉంటే కొంత రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు.

ఆ మాటతో మా ఇంట్లో నవ్వు పోయింది. బడిలో ఎడమచేత్తో బలపం పట్టనివ్వరు. పట్టుకుంటే సరస్వతికి కోపమని అయ్యవారు వేళ్ళ మీద కొట్టేవాడు. ఎడమచేత్తో తింటే ఇంట్లో ఊరుకోరు. పదేళ్ళవాణ్ణి, మా అమ్మ కలిపి ముద్దలు పెడుతుంటే వీధిలో పిల్లలు తొంగిచూసి పోయేవాళ్ళు. మా నాయన కొన్నాళ్ళు చూసి, "ఉగాది దంకా చూస్తా. చెయ్యి వస్తే బడి. రాకపోతే గొర్రెలెంట తోలతా. కట్టె పట్టుకోను ఎడంచెయ్యి చాలు," అన్నాడు. కోపంతో కాదు. వానల్లేని యేడు ఎవరైనా అలాగే మాట్లాడతారు.

అత్త అక్కడే ఉంది. అందరూ వింటుండగా అన్నది: "ఆ చెయ్యి ముడిసింది నేను. అమావాస్య అన్నది ఈ నోరే. ఉగాది దంకా వాణ్ణి నా కాడ ఇడిసిపెట్టు." తప్పు తనదని అంత సూటిగా ఒప్పుకున్న పెద్దవాళ్ళను నేను ఆ తరవాత ఎక్కువమందిని చూడలేదు.

అట్లా టీ అంగడికి చేరాను. రోజూ ఆముదం గోరువెచ్చగా కాచి నా వేళ్ళకు రాసేది. మొదట గచ్చకాయలు తెచ్చి ముందు పోసింది. ఎగరేసి పట్టుకోమంది. ముడుచుకున్న చెయ్యి ఎట్లా పట్టుకుంటుంది? అవి దొర్లిపోవడం, నేను ఏడవడం. నాలుగు నాళ్ళకు కాయలన్నీ తీసుకుపోయి రోడ్డు మీదికి విసిరికొట్టాను. ఆమె తిట్టలేదు. "చేతగాని పనిని మళ్ళీ మళ్ళీ చెయ్యమంటే యెవురికైనా ఏడుపే. ఇంకోసారి చూస్తానత్తా అని నువ్వు అడగల్ల. అట్లాంటిది కావల్ల," అని శనక్కాయ దొర్లిస్తూ కూర్చుంది.

కాయ చిట్లాక లేచి, బొరుగుల పెట్టె మూత తీసింది. చదరపు చెక్క పలక అది. ఇనుప కమ్మి పొయ్యిలో ఎర్రగా కాల్చి, ఆ పలకకు అక్కడక్కడ గోలీ దూరేంత బొక్కలు పొడిచింది. చుట్టూ వెదురు బద్దలు మేకులతో కొట్టింది. పగిలిన సోడాబుడ్డిలోని గోలీని తెచ్చి దాని మీద వేసింది. "ఈ మూల విడపనకల్లు. ఆ మూల పసుపు పూసిన బొక్క లేపాక్షి. నడమ యే గుంతలోనూ పడకుండా గోలీని లేపాక్షికి తోలుకోని పోవల్ల. అంత పెద్ద బసవన్నను చూడల్లంటే గుంతలు దాటొద్దా?" అన్నది. మామ మాత్రం మూత లేని బొరుగుల పెట్టె వైపు చూసి నిట్టూర్చాడు.

పలకను రెండు చేతుల్తో పట్టుకుని వంచాలని ఆమె లెక్క. నేను ఎడమచేత్తో పట్టి, రెండో అంచును పొట్టకు ఆనించి రెండు పూటల్లో లేపాక్షి చేరాను. గొప్పగా పిలిచి చూపించాను. అత్త చూసింది. "గోలీ చేరింది. నీ చెయ్యి యాడుండాది?" అన్నది. కుడిచెయ్యి ఒళ్ళో ఊరికే పడుకుని ఉంది. కొడుతుందేమో అనుకున్నాను. "నీ తప్పేం లేదు. అడ్డదారి ఉంటే యెవురైనా పోతారు. పలక తప్పు," అని పలక లాక్కుపోయింది.

మా దిక్కు తినే బల్ల మీద ఎడమచెయ్యి ఎవరూ పెట్టరు. పెడితే పక్కవాడు తన పళ్ళెం అవతలికి జరుపుకుంటాడు. అత్త పలకను తిరిగి నా ఒళ్ళో పెట్టకుండా అంగడిలో అందరూ తినే బండ బల్ల మీద పెట్టింది. పలక అడుగున నట్టనడుమ కొబ్బరిచిప్ప బిగించి, కింద కుండలకు పెట్టే చుట్టకుదురు వేసింది. ఏ కొంచెం కదిపినా అటూ ఇటూ ఒరుగుతుంది. ఒక అంచుకు కట్టె పిడి కొట్టి, చెయ్యి జారకుండా గుడ్డపీలిక చుట్టింది. ఇక ఒక్క చెయ్యే, అదీ కుడిచెయ్యే. ఎడమచెయ్యి వాడకూడదని ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు. తినే బల్ల మీద ఆ మాట చెప్పాల్సిన పని లేదు.

పిడి సన్నంగా ఉండేది. నా ముడుచుకున్న పిడికిట్లోకి అదే దూరేది. పలక ఒరిగేది, గోలీ పరుగెత్తేది, టక్కుమని బల్ల మీదికి రాలేది. విడపనకల్లు దాటి రెండు వేళ్ళ దూరం పోవడమే గగనమయ్యేది. నేనే కాదు, కరువు పనికి రాళ్ళు కొట్టను వచ్చిన మేస్త్రీ కూడా అంతే. ఆయన రెండు దినాలు ఆడి, మూడో దినం బల్ల వైపే చూడకుండా టీ తాగిపోయాడు. అది చూసి అత్త మైనంతో కొన్ని బొక్కలు పూడ్చింది. "ఓడిపోయినోడు నవ్వుకుంటా లేస్తే ఆట బాగుండాదని. మొగం ముడుసుకోని లేస్తే గుంత యాడో తప్పు పడినట్ల," అనేది. తరవాత ఒకటి తెరిచింది. ఇంకొకటి పూడ్చింది. ఒక్కోసారి ఉగ్గాని మాడిపోతున్నా పలక ముందునుంచి లేచేది కాదు. తనూ ఆడి చూసేది, ఓడేది, ఓడినప్పుడు నన్ను తిట్టేది.

అలా అలా అంగడికి ఒక ఆట వచ్చింది. బస్సు ఆగితే డ్రైవరు దిగి ఒక చెయ్యి వేసేవాడు. రాళ్ళు కొట్టేవాళ్ళు ఎండ తగ్గేదాకా బల్ల చుట్టూ మూగేవాళ్ళు. బలం ఉన్నవాడి గోలీ ముందు పడిపోయేది. నాకంటే బాగా ఆడేవాళ్ళు ఉన్నారు, చెత్తగా ఆడేవాళ్ళూ ఉన్నారు. చాలా రోజుల తరవాత నలుగురిలో నేనూ ఒకణ్ణయ్యాను. మేస్త్రీ ఒకనాడు నా మీద జాలిపడి గోలీని కావాలని గుంతలోకి వదిలాడు. అత్త పొయ్యి దగ్గరినుంచే కనిపెట్టింది.

"ఏమప్పా, చిన్నోడని ఓడిపోతాండావా? ఇంకోసారి అట్ల చేస్తే నీకు టీ లేదు. వాడు గెలిస్తే గెలవల్ల, లేకుంటే ఓడిపోవల్ల."

"కాదక్కా, నా చెయ్యే జారినాది. అయినా ఈ పిడేంది, దినదినానికి లావెక్కతాండాదే?"

"పిడి యాడ లావెక్కతాది? నీ చెయ్యి సన్నబడినాది. కరువు గదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాటలో ఏముందో నాకు అప్పుడు తట్టలేదు. నా ధ్యాసంతా లేపాక్షి మీద ఉంది. అప్పటికి పసుపు బొక్కకు జానెడు దూరం దాకా రాగలుగుతున్నాను. నిద్ర లేస్తూనే పలక దగ్గరికి పోయేవాణ్ణి. ఇంకోసారి చూస్తానత్తా అని నేనే అడుక్కునేవాణ్ణి.

ఉగాది దగ్గర పడింది. ఒక మధ్యాహ్నం అత్త నా ముందు ఉగ్గాని పళ్ళెం పెట్టి, ఎప్పటిలా కూర్చుని తినిపించకుండా లోపలికి పోయింది. కాసేపు చూశాను. పిలిచాను, పలకలేదు. ఆకలేసింది. కుడిచెయ్యి పళ్ళెంలో పెట్టాను. సగం బొరుగులు బల్ల మీద పడ్డాయి, సగం నోట్లోకి పోయాయి. పళ్ళెం ఖాళీ చేశాక తలెత్తి చూస్తే అత్త తలుపు పక్కన నిలబడి ఉంది. కళ్ళు తుడుచుకుని, "తప్పేం లేదు," అన్నది. ఆమె నోట అంతకు మించిన మెప్పు లేదని నాకు తెలుసు. నేనూ ఏడ్చాను. ఆ కబురు విని మా నాయన ఉన్నపళంగా వచ్చాడు. నా అరచెయ్యి తన అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. గొర్రెల మాట మళ్ళీ ఎత్తలేదు.

బడికి పోయే ముందు దినం పిడికున్న గుడ్డ జిడ్డుపట్టిందని విప్పబోయాను. విప్పేకొద్దీ వస్తోంది. పైన గోనెపట్టా పీలిక, దాని కింద మామ పంచె, ఆ కింద అత్త పాత చీర అంచు. చివరికి సన్నటి కట్టె మిగిలింది. బల్ల మీద ఆ పీలికలు ఇంత కుప్ప పడ్డాయి.

"ఇదేందత్తా?"

"నీ పిడికిలి ఎంత విచ్చుకుంటే అంత చుట్టినా. నువ్వు పండుకున్నంక ఒక్కో సుట్టు."

"నాకు చెప్పలేదే?"

"చెప్తే నొప్పి తెలుస్తాది అల్లుడా."

ఈ మాట నేను పెద్దయ్యాక చాలాసార్లు తలుచుకున్నాను. ఆమె ఆట తయారుచేసింది నన్ను సంతోషపెట్టడానికి కాదు. నొప్పిని నా కంట పడకుండా దాచడానికి. దానికోసం నా కళ్ళు ఎక్కడుండాలో అక్కడ పసుపు పూసింది, చెయ్యి చెయ్యాల్సిన పని చేతికి వదిలేసింది. ఇప్పుడు నేను గూళ్ళలోంచి చిన్న చిన్న అక్షరాలు ఏరి పేర్చి బతుకుతున్నాను. ఒత్తు ఎక్కడ, కొమ్ము ఎక్కడ అని చూడకుండానే వేళ్ళు పోతాయి. నేను కూడబెట్టుకున్న విద్య ఏదైనా ఉంటే దానికి మొదటి బడి ఆ బండ బల్ల.

పలకను ఆమె దాచిపెట్టలేదు. నేను బడికి పోయిన వారానికే కొబ్బరిచిప్ప ఊడగొట్టి, పిడి పీకి, తిరిగి బొరుగుల పెట్టె మీద మూత వేసింది. బొక్కల్లోంచి చీమలు దూరుతున్నాయని మామ ఏళ్ళ తరబడి సణిగాడు. రాళ్ళు కొట్టేవాళ్ళు ఆట ఏదని అడిగితే, "పని అయిపోయినాది. మీరు పోయి రాళ్ళు కొట్టండప్పా," అన్నదట. పోయినేడు చూడబోయినప్పుడు కూడా నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే చాచి చూసింది. పెళ్ళీడుకొచ్చినవాణ్ణి, సిగ్గేసి లాక్కోబోయాను. "ఉండు అల్లుడా, నాది నేను చూసుకుంటాండా," అన్నది.

నేను చేరేసరికి పాడె లేచింది. అంగడి వెనక చేనులోనే గుంత తవ్వారు. వాన పడక ఆ నేల గట్టిపడిపోయి, తవ్వినవాళ్ళ చొక్కాలు తడిసి ఉన్నాయి. ఆమెను దించాక మామ, ఆ తరవాత మా నాయన మట్టి వేశారు. "నువ్వెయ్యప్పా," అన్నారెవరో. వంగి పిడికిలి నిండా మన్ను తీసుకున్నాను. గుంత మీద చెయ్యి చాచి, విప్పాను. నాలుగు వేళ్ళు నిటారుగా విచ్చుకున్నాయి. మన్ను జారి ఆమె మీద పడింది. చిటికెన వేలు మాత్రం ఎప్పటికీ పూర్తిగా రాదు. దాని మడతలో ఇంకా కొంచెం ఎర్రమన్ను నిలిచింది. నేను చెయ్యి దులపలేదు.