పక్కనుంచి వచ్చిన గొంతు

ఆ శనివారం పొద్దున మా ఊరు ఏజాక్స్‌లో ట్రైన్ ఎక్కింది మొదలు నాకు స్థిమితం లేదు. ఫోన్ తీయడం, లోపల పెట్టడం, మళ్ళీ తీయడం. టొరంటోలో ఒక రేడియో స్టేషన్‌లో ఇంజనీర్‌ని నేను. స్టూడియోలో కూర్చుని వార్తలు ప్రసారానికి పంపడం నాకు అలవాటే. థియేటర్ నుంచి లైవ్ మాత్రం అదే మొదటిసారి. పాత ఇటాలియన్ ఆపెరా, అంతా పాటల్లోనే నడిచే నాటకం, మూడు అంకాలు, దేశమంతా వినేది.

థియేటర్ వెనక, బాల్కనీ పైన అద్దాల గదిలో ముగ్గురం కూర్చున్నాం. ప్రొడ్యూసర్, నాకన్నా బాగా పెద్దావిడ. వ్యాఖ్యాత, తలంతా నెరిసిన పెద్దమనిషి, ఇంట్లో ఇటాలియన్ మాట్లాడుతూ పెరిగినాయన. మూడో మనిషిని నేను. నా ముందున్న యంత్రాల్లో ఒకటి నన్ను పొద్దున్నుంచీ తినేస్తోంది. శబ్దం కాసేపు ఆగిపోతే లైన్ తెగిందనుకుని, తనంతట తానే రికార్డు చేసిన సంగీతం ఎత్తుకుంటుంది. వార్తలకి అది మంచి ఏర్పాటే. ఆపెరాలో ఆర్కెస్ట్రా ఊపిరి కూడా వినపడనంత తగ్గే చోట్లుంటాయి. రిహార్సల్లో ఒకసారి అది తొందరపడింది కూడా. ఎక్కువసేపు ఆగేలా మార్చాను గానీ నమ్మకం కుదరలేదు. పాట మెత్తబడ్డప్పుడల్లా నా కళ్ళు స్టేజీ మీద కాకుండా దాని లైటు మీదే ఉన్నాయి.

రెండో అంకం అయ్యాక ప్రొడ్యూసర్ కిందికి వెళ్ళొచ్చింది. ముఖ్య గాయనికి జ్వరమట, గొంతు పట్టేస్తోందట, అయినా పాడతానందట. ఆవిడది జబ్బుతో చనిపోయే స్త్రీ పాత్ర. వ్యాఖ్యాత తన కాగితాలు సర్దినవే సర్దుకుంటూ కూర్చున్నాడు.

మూడో అంకం మధ్యలో ఆవిడ గొంతు ఆగిపోయింది. మళ్ళీ అందుకోబోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు. ఆర్కెస్ట్రా కొంచెం దూరం ఒంటరిగా నడిచింది. తర్వాత కండక్టర్ చేతులు దించేశాడు.

ప్రొడ్యూసర్ హెడ్‌ఫోన్ పక్కన పడేసి మెట్లు దిగి పరిగెత్తింది. నా ముందు లైటు పసుపు రంగులో కొట్టుకోవడం మొదలుపెట్టింది. అది ఎర్రబడితే దేశమంతా ఏదో ఉల్లాసమైన ఫ్లూటు వింటుంది. దాన్ని ఆపే స్విచ్ మీద వేలు పెట్టాను. నిజంగానే లైన్ పోయుంటే? అప్పుడు జనానికి ఉత్త నిశ్శబ్దం పంపినదాన్ని నేనవుతాను. అంతలో మా రేడియో స్టేషన్ నుంచి నా హెడ్‌ఫోన్‌లోకి తిరిగొచ్చే శబ్దంలో ఎవరో దగ్గారు. కింద హాల్లో ఎవరో దగ్గిన దగ్గు అంత దూరం వెళ్ళి నా చెవికి తిరిగొచ్చింది. లైన్ బాగానే ఉంది. స్విచ్ నొక్కేశాను.

వ్యాఖ్యాత నా వైపు తిరిగాడు. ఆయన మైకు ఇంకా మూసే ఉంది.

"ఏం చెప్పను? ఏం జరిగిందో నాకే తెలీదు."

"కనిపించింది చెప్పండి చాలు," అన్నాను.

ఆయన మైకు తెరిచాడు. ఆవిడ స్టేజీ మధ్యలో నిలబడి ఉందనీ, గొంతు మీద చెయ్యి పెట్టుకుందనీ, కండక్టర్ ఆవిడనే చూస్తున్నాడనీ, హాల్లో ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదనీ చెప్పాడు. ఒక్కో మాటకీ మధ్య చాలా ఎడం.

అప్పుడు స్టేజీ పక్కనుంచి ఇంకొకావిడ వచ్చింది. జీన్స్, నల్ల స్వెటర్, చేతిలో సంగీతం పుస్తకం. అవసరమైతే పాడడానికని ఆ పాత్రంతా నేర్చుకుని, ప్రతి ప్రదర్శనకీ తెరవెనక కూర్చునే గాయని ఆవిడ. స్టేజీ అంచున ఆ పుస్తకం కోసం ఒక స్టాండు పెట్టారు. ముఖ్య గాయని మాత్రం లోపలికి వెళ్ళలేదు. వెళ్ళి, చావు సీను కోసం స్టేజీ మీద వేసిన మంచం మీద పడుకుంది. కండక్టర్ చేతులెత్తాడు.

గొంతు అంచునుంచి వచ్చింది. చావు మంచం మీద జరిగింది. మంచం మీదావిడ పెదవులు ప్రతి మాటా పలుకుతున్నాయి, చెయ్యి లేస్తోంది, వాలుతోంది, చప్పుడు లేదు. లైటు సంగతి మరిచిపోయి మొదటిసారి స్టేజీ చూశాను. అనంతపురంలో మా తాత పద్యనాటకాల గురించి చెప్పేవాడు. రాగం తీస్తూ నటుడి గొంతు జీరపోతే హార్మోనియం ఆయన పద్యం అందుకునేవాడట, జనం ఇద్దరికీ కలిపి వన్స్ మోర్ కొట్టేవాళ్ళట. ఇక్కడ పాట అయిపోయాక చాలాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టడం మొదలుపెట్టాక ఆపలేదు. ముఖ్య గాయని రెండో ఆవిడ చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాక్కొచ్చి, తను వెనక్కి తగ్గి నిలబడింది.

ప్రొడ్యూసర్ ఆయాసపడుతూ పైకొచ్చింది. స్విచ్ చూసి ఎవరు ఆపారని అడిగింది. నేనేనన్నాను. పడేసిన హెడ్‌ఫోన్ తీసి తగిలించుకుంటూ, తనైనా అదే చేసేదాన్నని అంది.

ప్రసారం అయ్యాక నేను కింద కేబుళ్ళు చుడుతుంటే ముఖ్య గాయని మెడకి స్కార్ఫ్ చుట్టుకుని అటుగా వచ్చింది. నా మెడలో హెడ్‌ఫోన్ చూసి ఆగింది. మాట్లాడలేక, తన చెవి చూపించి, చెయ్యి దూరంగా ఊపి కనుబొమలెత్తింది. బయటికి వెళ్ళిందా అని.

"అంతా వెళ్ళింది," అన్నాను. "మీరు ఆగిపోవడం కూడా."

ఆవిడ కళ్ళు మూసుకుని తలూపి, వెళ్ళిపోయింది. ఆ రెండో మాట అనాల్సింది కాదేమోనని ట్రైన్‌లో దారంతా మనసు పీకుతూనే ఉంది. సీటు ఖాళీ ఉన్నా నిలబడే వచ్చాను.

మా ఆయన, మా అమ్మాయి ఏజాక్స్ స్టేషన్ బయట కారులో ఉన్నారు. ప్రసారమంతా అంతకుముందు కారులో తిరుగుతూ విన్నారట. రేడియో పాడైందనుకుని కట్టేయబోతుంటే వ్యాఖ్యాత మాట వినిపించిందని మా ఆయన చెప్పాడు. అమ్మాయి వెనక సీట్లోంచి ఇంగ్లీషులో అడిగింది, ఇద్దరిలో చచ్చిపోయింది ఎవరని.

మంచం మీదావిడ అన్నాను.

"మరి పాడినావిడ?"

ఆవిడ పుస్తకం మూసి పక్కకి వెళ్ళిపోయిందని చెప్పాను. అమ్మాయికి అది నచ్చలేదు. ఇల్లు చేరేదాకా అడుగుతూనే ఉంది, వచ్చే శనివారం ఆవిడకి మంచం ఇస్తారా అని.