కుంపటి మీద ఆరబెట్టిన బిళ్ళ

ఈ మధ్య పత్రికల్లో సీసం లేని పింగాణీ గురించి గొప్పగా రాస్తున్నారు. నొక్కితే కరెంటు పుట్టే రకం పింగాణీ. ఏదో నిన్న మొన్న కనిపెట్టినట్టు! వేలూరులో మేం చేసిన బిళ్ళల్లో ఆ రోజుల్లోనే సీసం గోరంత కూడా లేదు. పొడి నూరింది నేను. మా చిన్నాయన చచ్చేదాకా ఆ ఘనతలో నాకు వాటా ఉందని ఒప్పుకోలేదు కాబట్టి ఇప్పుడు నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయిన కొత్త. అరవం వైపు మిగిలిపోయిన గుడియాత్తం బజారులో మా నాయనకు ఇనుప సామాన్ల అంగడి. ఆయన తమ్ముడు చిన్నాయన వేలూరు కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. ఏ ఊరు అటు, ఏ ఊరు ఇటు అని జనం కొట్టుకుంటుంటే ఈయన చడీచప్పుడు లేకుండా ఆంధ్రలో ఉద్యోగానికి అర్జీ పెట్టుకున్నాడు. తెలుగులో సంతకం కూడా రాని మనిషి! అక్కడి నుంచి ఒక ప్రొఫెసరు వచ్చి ఆయన చేస్తున్న ఈ బిళ్ళల పని చూసిపోతాడని కబురొచ్చింది.

నేను ఇంటర్ అయిపోయి ఆయన ఇంట్లోనే ఉన్నాను. బీఎస్సీ ఫిజిక్సులో చేరాలని నా పట్టుదల. ఆడపిల్లకు అంత చదువెందుకని నాయన ససేమిరా అన్నాడు. ప్రొఫెసరు ముందు తట్టినప్పుడు బిళ్ళ రేడియోలో పలికితే మీ నాయన్ని నేను ఒప్పిస్తానని చిన్నాయన మాటిచ్చాడు. దానికోసమే ఆయన ఇంట్లో వెట్టిచాకిరీ చేశాను.

బేరియం కార్బొనేటు, టైటానియం ఆక్సైడు తూచి కలిపి కల్వంలో నూరాను. బేరియం పొడి ఎలుకల మందు కూడా. ముక్కుకు గుడ్డ కట్టుకుని మూడు రోజులు నూరితే భుజాలు పడిపోయాయి. ఆయన కుర్చీలో కూర్చుని ఇంకా మెత్తగా, ఇంకా మెత్తగా అనేవాడు. ఒకసారి కాల్చి, మళ్ళీ నూరి, అచ్చులో నొక్కి, కాలేజీ కొలిమిలో మళ్ళీ కాలిస్తే పగలకుండా మిగిలినవి రెండే. అందులో ఒకదానికి అంచు ఊడింది. రెంటికీ రెండు వైపులా వెండి పూత పూసి, కాగిన ఆముదంలో ముంచి, వేల వోల్టుల కరెంటు పెట్టి, అలాగే చల్లార్చాం. అప్పుడే బిళ్ళకు ప్రాణం వచ్చేది. మళ్ళీ నూట ఇరవై డిగ్రీలు దాటి వేడెక్కితే ఆ ప్రాణం పోతుంది. ఆ ముక్క ఆయన నోటుపుస్తకంలోనే ఉంది. నేను చదివాను, ఆయన రాసుకుని మరిచిపోయాడు.

బిళ్ళకు రెండు పక్కలా ఆనించిన తీగలు రేడియో వెనక, గ్రామఫోను తగిలించే చోట పెట్టి బిళ్ళను పెన్సిలుతో తడితే రేడియోలో టక్కుమంది. రెండూ పలికాయి. అంచు ఊడినదాన్ని చిన్నాయన అవతల పారేశాడు. నేను తీసి ఓణీ కొంగున ముడేసుకున్నాను.

ప్రొఫెసరు వచ్చే రోజు పొద్దున ఆయనకు కొత్త బెంగ పట్టుకుంది. బిళ్ళ ఆముదం కంపు కొడుతోందట, పెద్దమనిషి చేతికి ఎలా ఇచ్చేదట. సీకాయపొడితో రుద్ది కడిగాడు. తడి ఉంటే కరెంటు కారిపోతుందని, పిన్ని తలంటుకున్నాక జుట్టు ఆరబెట్టుకునే కుంపటి తెప్పించి, దాని మీద జల్లెడ పెట్టి బిళ్ళను ఆరబెట్టాడు. వేడికి చచ్చిపోతుందని చెప్పాను.

"నాకు చెప్పేదానివి అయిపోయినావా? పోయి కాఫీ పెట్టుపో," అన్నాడు.

ప్రొఫెసరు వచ్చాడు. తమ్ముడి వైభవం చూద్దామని నాయన కూడా గుడియాత్తం నుంచి వచ్చి కూర్చున్నాడు. చిన్నాయన పెన్సిలుతో తట్టాడు. రేడియో ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ తట్టాడు. చెమటలు తుడుచుకుని, ఆడపిల్ల నూరిన పొడి అండీ, అందులో ఏం మట్టి కలిపిందో అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొంగు ముడి విప్పి, జిడ్డు కారుతున్న నా బిళ్ళను తీగల మధ్య పెట్టి తట్టాను. టక్కుమని మోగింది. రెండూ ఒకే పొడి, ఇది కుంపటి ఎక్కలేదు, అంతే తేడా అని ప్రొఫెసరుకు చెప్పాను. ఆయన నవ్వి, నువ్వు ఏ కాలేజీలో చదువుతున్నావమ్మా అని అడిగాడు. నేను నాయన వైపు చూశాను. నాయన నేల చూపులు చూస్తున్నాడు.

సాయంత్రం నాయన నన్ను వెంటబెట్టుకుని రైలెక్కాడు.  గుడియాత్తం స్టేషన్లో దిగాక అన్నాడు.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా. నలుగురి ముందర చిన్నాయన్ను నిలబెట్టి చెప్పినావే, అందుకే కాలేజీకి పంపను."

నేను మళ్ళీ కాలేజీ గడప తొక్కలేదు. చిన్నాయనకు మాత్రం ఉద్యోగం వచ్చింది. అంచు ఊడిన నా బిళ్ళను గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టుకుని ఆంధ్రకు పోయాడు. ఈసారి ఆముదం కడగలేదు.